గొట్టానికి ఎర్ర ఉన్ని టోపీ

ట్రెపాసీ, న్యూఫౌండ్‌లాండ్

ఫైర్‌ప్లేస్ షాపులో ఫిర్యాదులు చూసే నాయనకి,

మీరు పెట్టిన గ్యాస్ ఫైర్‌ప్లేస్ బంగారం. దాంతో ఇచ్చిన అలారం డబ్బా మాత్రం పనికిమాలిన సరుకు. మంట వెలిగించి టీ కప్పుతో కూర్చుంటే చాలు, కీచుమని ఒకటే గోల. పిల్లి సోఫా కిందనించి రానంటోంది. దాని నోరు మూయించే ఉపాయం చెప్పు.

ఇట్లు,
ఫిలమీనా కీయో

తా.క. గోడ బయటి గొట్టంలోంచి చలి వస్తోందని దానికి ఎర్ర ఉన్ని టోపీ అల్లి తొడిగాను. పక్కింటివాళ్లు కూడా మెచ్చుకున్నారు.

*

సెయింట్ జాన్స్

శ్రీమతి కీయో గారికి,

టోపీ తీసేయండి! ముందు చెప్పాల్సిన మాట తా.క.లో రాశారు. ఆ గొట్టం మూసుకుపోతే మంట వదిలే విషవాయువు ఇంట్లోనే తిరుగుతుంది. రంగుండదు, వాసనుండదు, దాన్ని పసిగట్టేది ఆ డబ్బా ఒక్కటే. తలనొప్పి, వికారం, నిద్రమత్తు, ఆ తర్వాత లేవడం ఉండదు. డబ్బా అరిస్తే మంట ఆర్పి, పిల్లితో సహా బయటికి నడవండి. మా మనిషి వచ్చి చూసేదాకా వెలిగించకండి. గొట్టం దగ్గర మంచు పేరుకోనివ్వకండి.

అలసటతో,
ఆంబ్రోజ్ పెన్నీ

తా.క. నాకు తల పగిలిపోతోంది. ఇలాంటి ఉత్తరాలు ఎన్ని వస్తాయో మీకేం తెలుసు!

*

నాయనా ఆంబ్రోజ్,

టోపీ తీశాను. మీ మనిషి వచ్చి అంతా బాగుందన్నాడు, బిస్కెట్లన్నీ తిన్నాడు. ఇప్పుడు డబ్బా నోరెత్తడం లేదు. చచ్చిందా? కొత్తది పంపు.

నీ మేలు కోరే,
ఫిలమీనా

తా.క. తలనొప్పి అన్నావు. సరిగ్గా తింటున్నావా? పెళ్లయిందా?

*

అమ్మా,

డబ్బా చావలేదు. బటన్ నొక్కి చూడండి, అరుస్తుంది. నాకు పెళ్లయింది, బాగానే తింటున్నాను. ఆదివారం ఇంట్లో హాయిగా ఉంటాను. ఇక్కడికొచ్చి మీ ఉత్తరం తెరిచానా, మధ్యాహ్నానికి తల తిరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. దయచేసి ఇక రాయకండి.

మరీ అలసిపోయిన,
ఆంబ్రోజ్

తా.క. నాతో పనిచేసే లియోదీ ఇదే వరస. కొనేవాళ్లకి చూపించడానికి షాపులో ఫైర్‌ప్లేస్ పొద్దంతా వెలుగుతుంటుంది. ఆ వెచ్చదనానికి బల్ల మీదే గురకపెడుతున్నాడు.

*

ఆంబ్రోజ్,

లియో నా ఉత్తరాలు చదవడు కదా, మరి వాడికెందుకు ఆ గురక? ఇది చదువుతూ కూర్చోకు. మంట ఆర్పు, లియోని లేపు, బయటికి పొండి! ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు, నాకు భయమేసింది. నా డబ్బాని ఈ పార్సిల్లో పెట్టి వ్యాన్ డ్రైవర్‌కిచ్చాను. గుమ్మంలో పడేసి పోకుండా లోపలికెళ్లి మిమ్మల్ని లేపమన్నాను.

కంగారుతో,
ఫిలమీనా

తా.క. డబ్బా తిరిగొచ్చేదాకా ఇక్కడ మంట వెలిగించను. రెండు స్వెటర్లు వేసుకున్నాను. పిల్లి అలిగింది.

*

ఫిలమీనా అమ్మకి,

డ్రైవర్ లోపలికి వచ్చాడో లేదో పార్సిల్లోనించే డబ్బా కీచుమంది. లియోని చెరో రెక్కా పట్టుకుని బయటికి లాక్కొచ్చాం. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, ఇద్దరం కోలుకున్నాం. కార్లు పెట్టే చోటునించి తీసిన మంచు అంతా మా గొట్టం మీదే గుట్టగా ఉంది. అక్కడ పోయించింది నేనే. షాపు నిండా అలారాలున్నాయి, అన్నీ అట్టపెట్టెల్లోనే.

మీరు రాయకపోతే ఆ వెచ్చదనంలోనే పోయేవాళ్లం. రాయొద్దన్నందుకు సిగ్గుగా ఉంది.

తలనొప్పి తగ్గిన,
ఆంబ్రోజ్

తా.క. మీ డబ్బాతోపాటు ఇంకొకటి పంపుతున్నాను. గొట్టం దగ్గర మంచు తీసే పని ఇకనించి నాదే. చెవులు గడ్డకడుతున్నాయి. ఆ ఎర్ర టోపీ ఖాళీగా ఉంటే పంపండి.