గడియ పెట్టుకున్న చింపాంజీ

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ముఖేడ్ బడిలో సైన్సు చెప్పే నీతో, జంతువుకు ఆలోచన లేదు, ఉన్నదంతా అలవాటేనని ఇరవై ఏళ్లు వాదించాను. ఇవాళ జరిగింది నీకే చెప్పాలి.

నాందేడ్‌లో దిగిన సర్కస్ నుంచి ఒక ఆడ చింపాంజీ తప్పించుకుంది. జనం కర్రలతో వెంటపడితే శంకరయ్య బట్టల దుకాణంలో దూరి, లోపలినుంచి గడియ పెట్టుకుంది.

"హనుమంతుడే అచ్చిండు, దండం పెట్టుండ్రి" అన్నాడు శంకరయ్య.

"చేతుల కర్ర పట్టుకొని దండమెట్ల పెడ్తవ్ శంకరయ్యా?" అన్నాను.

పోలీసు జమాదారు తుపాకీ తెప్పించాడు. పది నిమిషాల్లో బయటికి రాకపోతే కాల్చేస్తానన్నాడు.

సర్కస్‌లో దాన్ని ఆడించేవాడు వచ్చి దుకాణం కిటికీ ముందు నిలబడి "ఆజా బేటీ" అని తీయగా పిలిచాడు. అది కిటికీ సందులోంచి చూసింది. అతని కుడిచెయ్యి వీపు వెనక ఉంది. గడియ తీయలేదు. నాకు ఒళ్లు మండింది.

"ఎనుక కర్ర దాస్తె దానికి తెల్వదనుకున్నవా? పారెయ్" అన్నాను.

అతను కర్ర దూరంగా విసిరి రెండు చేతులూ చూపించాడు. గడియ చప్పుడైంది. అది బయటికి వచ్చి, ముందు అతని వీపు వెనక్కి వెళ్లి చూసింది. ఆ తర్వాతే చెయ్యి పట్టుకుంది.

ఓడిపోయాను బావా. నువ్వు ఎదురుగా ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు.

సాయంత్రం ఆటలో దానికి కోటు తొడిగి సైకిల్ ఎక్కించారు. జనం ఈలలు వేశారు. దాన్ని నమ్మించి బయటికి రప్పించింది నేనే కదా, చప్పట్లు కొట్టలేక లేచి వచ్చేశాను.