అల్లం దంచే రోకలి

అనసూయా,

నువ్వు చదవవని తెలిసీ రాస్తున్నాను, సంతోషం పట్టలేక. ఈరోజు నీ సంవత్సరీకం. ఈరోజే మన బిడ్డ సరోజ చేసిన ఇంజను తిరిగింది.

నీ కర్మలు ముగియగానే మీ తమ్ముడు "అక్క గుర్తు" అంటూ నీ ఇత్తడి బిందెలూ గంగాళమూ రిక్షాలో వేసుకుపోయాడు. నెల తిరక్కుండా అన్నీ తూకానికి అమ్మేశాడు. అల్లం దంచే చిన్న రోకలొక్కటే పొయ్యి వెనక పడి అతని కంట బడలేదు. అది నిండు ఇత్తడి. సరోజ దాన్ని నా షెడ్డులోని లేత్ మీద పెట్టి, బొమ్మంత ఆవిరి ఇంజనుకు పిస్టన్ చేసింది. మొదట అది ఇనుప సిలిండరులో వేడెక్కి బిగుసుకుపోయింది. ఇనుము కంటే ఇత్తడి వేడికి ఎక్కువ ఉబ్బుతుందట. వెంట్రుకవాసి తగ్గించి మళ్లీ వేసింది.

ఈరోజు పంపు స్టవ్వు మీద నీళ్లు మరిగాయి, చక్రం గిర్రున తిరిగింది. నా బంగారుతల్లి ఎంత పనిమంతురాలో చెప్పలేను. ఆ టకటక చప్పుడు, పొద్దున్నే చాయకు నువ్వు అల్లం దంచినట్టే ఉంది.

భోజనానికొచ్చిన మీ తమ్ముడు చూసి నవ్వాడు. "ఆడివిల్లకు గీ ఇనుప పనులేంది బావా?"

పిస్టన్ దేంతో చేసిందో చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

"అది మా అక్క రోకలి గదా. నాకు జెప్పకుంట ఎట్ల కోసిన్రు? మా ఇంట్ల ఉండాల్సింది."

సరోజ స్టవ్వు ఆర్పలేదు. "తీస్కపో మామా," అంది. "జర కాలుతాంది, అంతే."

అతను చెయ్యి చాపాడు. సెగ తగలగానే వెనక్కి తీసుకున్నాడు. నీ రోకలి దంచుతూనే ఉంది.