పాపకి వదిలిన చోటు

అన్నయ్యకు, ప్రభువు పేరట తమ్ముడి వందనాలు.

ఆదివారం వస్తానని కబురు పంపావు. తప్పకుండా రా. అయితే ఒక్క మాట ముందే చెప్పాలి. నువ్వు పాస్టరువి, నేను బట్టలు కుట్టుకునేవాణ్ణి. తప్పుగా అనుకోకు.

మా పాప జ్వరంతో చనిపోయిన వారానికి నువ్వొచ్చి నీ మరదలిని ఓదార్చావు. "దేవుడు చేసినదంతా మంచిదేనమ్మా. చెడుని ఆయన చెయ్యలేదు. అసలు అదొక వస్తువే కాదు. వెలుగు లేకపోతే చీకటైనట్టు, మంచి లేకపోవడమే చెడు" అన్నావు. ఆమె తలూపింది. నువ్వు వెళ్ళాక నన్నడిగింది.

"లేకపోవడమేనా? అంతేనా? పాప లేకపోవడమేగా నన్ను చంపుతోంది! బావగారు అదేమీ కాదన్నట్టు చెప్పారేంటి?"

ఇప్పటికీ మంచం మీద మా ఇద్దరి మధ్య పాపకి చోటు వదిలే పడుకుంటున్నాం. అక్కడ ఏమీ లేదని నేనెలా చెప్పను? ఆమె ప్రార్థన మానేసింది. రమ్మనడానికి నాకూ నోరు రావడం లేదు.

నువ్వు చెప్పింది అబద్ధమనడం లేదన్నయ్యా. నేనూ నమ్ముతున్నాను. కానీ ఈసారి ఏమీ వివరించకు. పాపని పూడ్చిన రోజు సమాధి దగ్గర ప్రార్థన మధ్యలో ఆపేసి, మట్టిలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చావు కదా. సంఘంవాళ్ళు కంగారుపడ్డారు. దాని గురించే నిన్న నీ మరదలు అంది.

"ఆ రోజు బావగారు ఏడుస్తుంటే, దేవుడు కూడా ఏడుస్తున్నాడేమో అనిపించిందండీ."

వచ్చి ఆమె దగ్గర ఊరికే కూర్చో, చాలు.

నీ తమ్ముడు