తొణకని చెంబు

1945, శనివారం

ఈ రోజు అమ్మ మునస్వామి నడిపే బస్సులో సామి దర్శనానికి కొండకు పోయివచ్చింది. కొత్త ఘాట్ రోడ్డు మీద బస్సు నడపమని మా ఓనరు మొదట అడిగింది నన్నే. "నాకు ఈ వడమాలపేట దారే బాగుండాది సామీ, కొండకు మునస్వామిని పంపండి" అన్నాను. స్నేహితుడికి దారి వదిలానని, నాది పెద్ద మనసని అందరూ మెచ్చుకున్నారు. పెద్ద మనసట, నా మొహం! ఆ మలుపులంటే నాకు భయం. వడమాలపేటకైతే కళ్లు మూసుకుని పోతాను.

మునస్వామికి స్టీరింగు పట్టడం నేర్పిందే నేను. పక్కన నిండు చెంబు పెట్టి, చుక్క తొణికితే నెత్తిన మొట్టేవాణ్ణి.

సాయంత్రం అన్నం వడ్డిస్తూ అమ్మ ఒకటే పొగడ్త. "ఆకాశగంగ నీళ్లు చెంబుతో తెచ్చినాను గదా, కొండ దిగేదాకా ఒళ్లో చుక్క తొణకలేదురా! ఆ అబ్బికి ఎవురు నేర్పినారో గానీ, వాళ్ల చేతులకు మొక్కాల."

నేర్పింది నేనేనని నోటిదాకా వచ్చింది. నేనే అంటే, మరి ఆ కొండ బస్సు నువ్వెందుకు తోలలేదురా అని అడుగుతుంది.

"ఎవురో మద్రాసు డ్రైవరంటమ్మా" అన్నాను.