చేతులు కనబడే లైను

చిన్నమ్మడూ,

మీ నాన్న దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. అమ్మ మోకాలి నొప్పి కూడా మాతోపాటు బాగానే ఉంది. నువ్వు కులాసాగా ఉన్నావని నీ ఉత్తరం చూస్తేనే తెలిసింది, నాలుగు పేజీల్లో ఒక్క కొట్టివేత లేదు. ఇది మాత్రం నేను మొదలుపెట్టిన మూడో కాగితం. రెండు వాక్యాలు రాయడం, లేచి వీధి గుమ్మం దాకా వెళ్లడం, మళ్లీ వచ్చి కూర్చోవడం. "ఏంటండీ, కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడు?" అని మీ అమ్మ ఆసుపత్రి డ్యూటీకి వెళ్తూ వెళ్తూ అడిగి మరీ వెళ్లింది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. కుట్టుమిషను బాగుచేయించాం. నువ్వు మీ డెంటల్ ల్యాబు కోర్సులో తయారుచేసి పంపిన కట్టుడుపళ్ల సెట్టు అందింది. టీవీ మీద పెడితే మీ అమ్మ పొద్దున్నే చూసి జడుసుకుంది, అందుకని బీరువాలోకి మార్చాను. నీ పనితనాన్ని మీ మేష్టారు మెచ్చుకున్నారన్న ముక్క మా ఆఫీసులో నలుగురికీ చదివి వినిపించాను. ఇక మూడోది. "కంప్యూటరు కొని నాలుగు నెలలైంది. ఇంటర్నెట్టుకి కేబులో, ఫోను లైనో, ఏదో ఒకటి తేల్చు నాన్నా" అన్నావు.

నేను ఇరవై ఆరేళ్లుగా టెలిఫోను తీగలు అతుకుతూ బతుకుతున్నవాణ్ణి. మన వీధిలో ఏ ఇంటికి వెళ్లే తీగైనా నా చేతిలోంచి సాగి వెళ్లిందే. ఆ తీగ మీద వచ్చే డీఎస్సెల్ ఇంటర్నెట్టు కాదని టీవీ కేబులు వాళ్ల దగ్గరికి వెళ్తే, ఇంట్లో వండిన కూర వదిలేసి పొరుగింటికి గిన్నె పట్టుకెళ్లినట్టు ఉండదూ? పైగా ఫోను లైను మన ఒక్కరిదే. కేబులు వీధంతటికీ ఒకటే, సాయంత్రం అందరూ ఒక్కసారి తెరిచారంటే కుళాయి నీళ్లలా సన్నబడిపోతుంది. ఈ మాట అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతూ వచ్చాను.

ఎవరికీ చెప్పనిది ఏమిటంటే, మన ఇల్లు ఎక్స్ఛేంజికి నాలుగు కిలోమీటర్ల పైమాటే. దూరం పెరిగేకొద్దీ డీఎస్సెల్ నీరసపడుతుంది. మనకు వచ్చేదే అంతంతమాత్రం, మన నుంచి వెళ్లేది మరీ సన్నం. అయినా మనసొప్పక ఆఫీసు మోడెం తెచ్చి వారం రోజులు పెట్టి చూశాను. మా సెక్షనులో పనిచేసే ఆవిణ్ణి అక్కడి కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఇక్కడ తెర మీది కెమెరా ముందు చేతులు ఆడించి, "నా చేతులు కనబడుతున్నాయా?" అని ఫోనులో అడిగాను.

"చేతులెక్కడండీ? రెండు పిండిముద్దలు కనబడుతున్నాయి. అవీ ఆగి ఆగి కదులుతున్నాయి" అందావిడ.

ఆ మోడెం విప్పి ఇచ్చేశాక కూడా మరో పది రోజులు నాన్చాను. చివరికి పోయిన సోమవారం కేబులు ఆఫీసు మెట్లెక్కాను. ఏది అడిగినా "తాపీగా చేద్దాం" అంటాడని వీధిలో అందరూ తాపీ అని పిలుస్తారే, అతనే ఉన్నాడు.

"ఏంటి బాబాయ్, దారి తప్పొచ్చారా?"

"తప్పలేదు. ఇంటర్నెట్టు కనెక్షను కావాలి."

"మీకా! మీ లైను ఉండగా మాది దేనికి?"

"మా అమ్మాయితో మాట్లాడ్డానికి."

"మాటలకైతే మీ లైనే ఎక్కువ కదా!"

"మా అమ్మాయికి వినబడదయ్యా. చేతులతో మాట్లాడుతుంది."

అతని ముఖంలో నవ్వు పోయింది. తాపీ అన్న మాట కూడా అనకుండా మర్నాడే వచ్చి తీగ లాగాడు. సాయంత్రం ఐదింటికి, వీధంతా టీవీల ముందు కూర్చునే వేళ, కావాలనే పరీక్ష పెట్టాడు. అతని చెల్లెలు వాళ్ల ఆఫీసులో కూర్చుని వేళ్లు మడిచి విప్పింది. ఆ పిల్ల గోళ్ల రంగు కూడా కనబడింది.

"ఇప్పుడు మీరు చెయ్యండి బాబాయ్. అమ్మాయితో ఏం చెప్పాలనుకుంటున్నారో అదే చెయ్యండి."

చేతులెత్తాను. ఎత్తినవి ఎత్తినట్టే ఉండిపోయాయి.

అన్నం తిను. పడుకో. ఆగు, బండి వస్తోంది. బడికి వేళైంది. వద్దు. పందొమ్మిదేళ్లలో నేను నేర్చుకున్న సైగలు ఇలాంటివి పదకొండు. అన్నీ ఆజ్ఞలే. నిన్ను ఒక సంగతి అడగడానికి, నా సంగతి ఒకటి చెప్పడానికి నాకు చేతులు రావు. ఎప్పుడూ మధ్యలో మీ అమ్మ ఉండేది, నువ్వు చెప్పింది నాకూ, నేనన్నది నీకూ చేరవేసేది. మీ హాస్టల్లో కంప్యూటరు గది తెరిచేది ఐదు నుంచి ఆరు దాకా. అప్పుడు అమ్మ డ్యూటీలో ఉంటుంది, తెర ముందు నేనొక్కణ్ణే ఉండాలి. అదమ్మా సంగతి. ఏ లైను పెట్టించాలో నాకు మొదటి వారంలోనే తెలుసు. నీకు దొరికిపోతానన్న భయంతో నాలుగు నెలలు ఆ రెంటి మధ్యా తిరిగాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, లేకపోతే ఈ కాగితం కూడా చించేస్తాను. నీకు తొమ్మిదేళ్లప్పుడు ఒకరోజు బడి నుంచి వచ్చి, సంచీ అయినా దించకుండా, గుమ్మంలో నా ఎదుట నిలబడి ఏడుస్తూ చాలాసేపు ఏదో చెప్పావు. నీ చేతులు ఎంత వేగంగా కదిలాయో! నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గేసి, అంతా తెలిసినట్టు తల ఊపాను. నువ్వు కాసేపు నా ముఖంలోకి చూశావు. తర్వాత కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయావు. అమ్మ వచ్చి అడిగితే ఏమీ లేదన్నావట. ఆ రోజు తర్వాత నువ్వు నాతో అంత పొడుగు మాట ఎప్పుడూ చెప్పలేదు.

కేబులు పెట్టిన మర్నాడే మీ అమ్మకి ఇదంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. "పదేళ్లు కడుపులో పెట్టుకుని ఎలా తిరిగారండీ?" అని మాత్రం అంది. నా ఎదురుగా కూర్చుని, "ఏదీ, చేతులు ఇలా పట్టండి" అంది. అప్పట్నుంచి రోజూ పొద్దున పాఠం. తీగలు మెలేసి మెలేసి మొద్దుబారిన వేళ్లు ఓ పట్టాన వంగవు. నిన్న "ఎలా ఉన్నావు" అనబోతే "మేక తప్పిపోయింది" అన్నట్టు వచ్చిందట. మీ అమ్మ నవ్వి నవ్వి టీ ఒలకబోసుకుంది. "అర్థం కాలేదు, మళ్లీ చెప్పు" అనేది మాత్రం శుభ్రంగా వచ్చిందంటోంది. అన్నిటికంటే ముందు అదే నేర్పమని అడిగాను.

వచ్చే గురువారం ఐదింటికి నేను తెర ముందు ఉంటాను. తడబడతాను, నవ్వుకో. ముందు ఆ రోజు గుమ్మంలో ఏం చెప్పావో అది చెప్పు. గుర్తు లేదంటే సరే, ఆ మాట నిజమే అయితేనే అను. నెమ్మదిగా చెప్పు తల్లీ. అర్థం కాకపోతే ఈసారి తల ఊపను.

ఇట్లు,
మీ నాన్న