ఆ బడి వెనక వరండా

కాటన్‌పేట, బెంగళూరు,
9 ఆగస్టు 2003.

చిరంజీవి సౌమ్యకు,

అమ్మ ఆశీస్సులతో రాసేది. ఇక్కడ నాన్న, నేను, మేడ మీది కమలమ్మవ్వ అందరం బాగున్నాం. నాన్నకు మోకాలి నొప్పి తగ్గింది, మెట్లెక్కనని మొండికేయడం మాత్రం తగ్గలేదు. నీ దగ్గు ఎలా ఉంది? మిరియాల కషాయం పారబోయకుండా తాగు.

నీ ఉత్తరంలో సగం మేం గీసే టీవీ బొమ్మల సీరియల్లోని ఊరి గురించే ఉంది. అది ఏ రాష్ట్రంలో ఉందని హాస్టల్లో అందరూ నిన్ను అడుగుతున్నారన్నావు. ఎనిమిదేళ్లుగా ఆ ఊరికి రంగులు వేస్తున్న నాకే తెలియదు. విదేశీ కంపెనీవాళ్లు పంపిన లావుపాటి పుస్తకం ఒకటి ఉంది, మేం ఊరి పుస్తకం అంటాం. ప్రతి ఇల్లూ, ప్రతి తలుపూ, ఏ గోడకు ఏ రంగో అన్నీ అందులో ఉంటాయి. ఊరు ఎక్కడుందో మాత్రం ఉండదు. ఒక వారం కథకు కొండ కావాలంటే బడి పక్కన కొండ వస్తుంది, ఇంకో వారం అక్కడే సముద్రం. మొదట్లో తిక్కగా అనిపించేది. ఇప్పుడు ఈ వారం ఏమొస్తుందోనని ఆత్రంగా చూస్తుంటాను.

సీరియల్లోని ఆ పిల్లలు ఇంకా ఐదో తరగతిలోనే ఎందుకున్నారన్నది నీ రెండో ప్రశ్న. నేను పనిలో చేరినప్పుడు నువ్వు మూడో తరగతి. వాళ్లను దాటేసి ఇంటర్‌కు వచ్చావు. వాళ్లకు అదే బెంచీ, అవే చొక్కాలు. ఎవరైనా బడికి నిప్పు పెట్టినా తర్వాతి వారానికి గోడ మీద మసి ఉండదు, తిట్టుకున్నవాళ్లకు కోపం ఉండదు. ఆ సుఖం మనకెక్కడిది.

చివర్లో, వరూధిని అత్త ఎలా ఉందని అడిగావు. దానికి జవాబు రాయలేకే ఈ ఉత్తరం ఇన్నాళ్లు ఆలస్యమైంది.

పోయిన నెల కథలో ఆ బడి వెనక వరండా చూపించాల్సి వచ్చింది. ఇన్నేళ్లలో ఎవరూ చూడని చోటు, ఊరి పుస్తకంలోనూ లేదు. కంపెనీవాళ్లు పంపింది నాలుగు పెన్సిల్ గీతలే. అక్కడ ఏముంటుందా అని నాకు భలే సరదా వేసింది. గోడ వేశాను, కిటికీలు వేశాను, తరగతి తలుపు వేసి, చేతి అలవాటు కొద్దీ గడప బయట వరసగా పిల్లల చెప్పులు వేసేశాను. మా ఆఫీసులో బొమ్మలు తనిఖీ చేసేది వరూధిని అత్తే కదా, చూసి సంతకం పెట్టింది. ఆఫీసులో ఒక్కరికీ తేడాగా అనిపించలేదు. ఆ విదేశీ కంపెనీవాళ్లు పట్టుకున్నారు. ఆ దేశంలో పిల్లలు బూట్లతోనే తరగతిలో కూర్చుంటారట. లోపల అందరి కాళ్లకూ బూట్లుంటే బయట ఈ చెప్పులు ఎవరివని అడిగారు. ఆ భాగమంతా మళ్లీ చేయాల్సి వచ్చింది.

బొమ్మ మీద వేసినవాళ్ల పేరు ఉండదు, తనిఖీ చేసినవాళ్ల సంతకమే ఉంటుంది. ఎవరు వేశారని మేనేజరు జయరామప్ప గారు అందరినీ నిలబెట్టి అడిగారు. నేనేనని ఒప్పుకోలేదు. నా చేతి గీత వరూధిని అత్తకు తెలుసు. అయినా నా వైపు చూడకుండా, సంతకం తనదేనంది. అత్తను రేపటి నుంచి రావద్దన్నారు. నీకు అ ఆల కంటే ముందు బొమ్మలు గీయడం నేర్పిన మనిషి. నేను పిరికిదాన్ని సౌమ్యా.

మొన్న గురువారం వాళ్లింటికి వెళ్లి, నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను. బియ్యం ఏరుతూ తలెత్తకుండానే అంది. "చెప్పేదేముండాదే ప్రేమా? ఆ చెప్పులు చూస్తానే నాకు మనం చదివిన బడి గుర్తుకొచ్చె. తప్పని తోచనే లేదు. నీ పని పోతే సౌమ్య చదువు ఏం గావల?"

నీ పేరు వినగానే ఇక ఆగలేకపోయాను. మరుసటి రోజే జయరామప్ప గారికి నిజం చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ పొద్దే చెప్పింటే ఇద్దర్నీ పెట్టుకునింటా కదమ్మా. ఆ యమ్మను పిలిపిస్తా. నిన్ను ఇంక నమ్మేదెట్ల?" అన్నారు.

సోమవారం నుంచి వరూధిని అత్త పనికి వెళ్తుంది, నేను వెళ్లను. చీరలకు డిజైన్లు గీసే పని ఒకటి అడిగి పెట్టాను, నీ చదువు ఆగదు. జరిగింది ఎన్నేళ్లయినా అత్త నీకు చెప్పదు. అందుకే నేనే చెప్తున్నాను.

ఇట్లు,
మీ అమ్మ
ప్రేమకుమారి