వంకర నమస్కారం

అనకాపల్లి,
12 జూన్ 2025, గురువారం తెల్లవారుజాము.

బావ అప్పలరమణకి నమస్కారాలు, మా చెల్లి జ్యోతిలక్ష్మికి ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నీ క్షేమం మాత్రం నేను నమ్మను.

బావా, నిలదీసి అడుగుతున్నాను: ఇవాళ నీ చొక్కా గుండీలు ఎవరు పెట్టారు?

నువ్వా? అబద్ధం! మొన్న ఏటికొప్పాకలో మీ ఇంట్లో ఉన్న రెండు రోజులూ చూశాను. నిద్ర లేవగానే చేతులు తువ్వాలు కింద దాచావు. టీ గ్లాసు రెండు అరచేతుల మధ్య ఇరికించి తాగావు. లేతు మీద తిరిగే కొయ్యబొమ్మకి లక్క అద్దుతూ, ఆ రాపిడి వేడి తగిలాకే నీ వేళ్లు విచ్చుకున్నాయి. అడిగితే నవ్వేసి, “పని సేత్తే అదే పోద్ది బావా. అయినా ఒళ్లు సొక్కా లాంటిదని, దాని నొప్పి మనది కాదని సెప్పింది నువ్వే గదా!” అన్నావు.

చెప్పాను. భజన పందిట్లో, మైకు ముందు, గొంతు చించుకుని చెప్పాను. తప్పు చెప్పాను! చొక్కా చిరిగితే కుట్టుకోవద్దని ఏ శ్లోకంలో ఉంది?

నా సంగతి విను. కార్తీకం నుంచి నా వేళ్ల కణుపులు ఉబ్బాయి. చిడతలు వాయించడం వల్లేననుకున్నాను. ఆముదం రాశాను. బెల్లం వండే పొయ్యి దగ్గర కాపడం పెట్టాను. మందుల షాపు మాత్రలు మింగాను. ఫాల్గుణం వచ్చేసరికి అరచేతులు రెండూ కలవడం మానేశాయి. సభకి నమస్కరిస్తే మధ్యలో కొబ్బరికాయ పట్టేంత ఖాళీ. మన భక్తులు ఏం చేశారో తెలుసా? అదేదో కొత్త ముద్ర అనుకున్నారు! వారం తిరిగేసరికి పందిట్లో అరవై మందీ వేళ్లు వంచి, చేతుల మధ్య ఖాళీ వదిలి నాకు దండం పెడుతున్నారు. దేముడనే తాపీమేస్త్రి అయితే, “గురువుగారూ, ఇలా దండమెట్టినకాణ్ణుంచి నా కోపం తగ్గిపోనాదండి” అన్నాడు.

అప్పుడు పగిలింది నా అహంకారం. లేచి నిలబడి, నాకు వేళ్లు సాగడం లేదని నిండు సభలో ఒప్పుకున్నాను.

మర్నాడే గురువారం. విశాఖ నుంచి వారానికోసారి ఇక్కడికి వచ్చే కీళ్లవాతం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. పొద్దున్న వేళ్లు ఎంతసేపటికి వదులవుతాయని అడిగింది. నేను పూర్వజన్మ కర్మ దగ్గర్నుంచి అందుకున్నాను. ఆవిడ పెన్ను బల్ల మీద పెట్టేసి, “స్వామీ, కర్మ నేను కొలవలేను. నిమిషాల్లో చెప్పండి” అంది. గంటన్నర అన్నాను. రక్తపరీక్షలు చేశారు, ఎక్స్‌రే తీశారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్! పేరు తెలిసిన రోజు నాకు భయం వేయలేదు బావా, పండగలా ఉంది. అన్నాళ్లూ శత్రువు ముఖం తెలియక గాలితో యుద్ధం చేశాను. వారానికోసారి మాత్ర, నెలనెలా రక్తపరీక్ష. మొన్న ఏకాదశినాడు అరచేతులు రెండూ అంటుకున్నాయి. చప్పట్లు కొట్టాను. మోగాయి!

నీ నొప్పి పేరేమిటో నాకు తెలియదు. అదీ ఇదీ ఒకటి కాకపోవచ్చు. కానీ నాది వాపు దగ్గరే దొరికింది కాబట్టి సరిపోయిందనీ, కీలే వంకర పోయాక మళ్లీ తిన్నగా రాదనీ డాక్టరమ్మ చెప్పింది. నీ వేళ్లు పోతే బొంగరానికి ఆ నున్నటి నడుము ఎవరు తీరుస్తారు? కురుక్షేత్రంలో అంతటి వీరుడే విల్లు జారిపోతోందనీ, ఒళ్లు వణుకుతోందనీ నోరు విప్పి చెప్పుకున్నాడు. చెప్పుకున్నాకే భగవంతుడు పలికాడు! నువ్వు దాచుకుంటే ఎవరు పలుకుతారు?

ఇట్లు,
నిన్ను వదిలిపెట్టని
బంగారయ్య

తా.క.: పైన ఒక అబద్ధం రాశాను. సభలో లేచింది నేను కాదు. ఆడవాళ్ల వరసలోంచి నా భార్య సత్యవేణి లేచింది. “ఏటి మీ దండాలు! అది ముద్ర కాదు, రోగం! ఈయనకి అన్నం నేనే కలిపి పెడతన్నాను. సిగ్గుపడి డాక్టరుకి సూపించుకోడు!” అంది. నేను స్తంభం చాటుకి తప్పుకున్నాను. నా చేతుల్ని కాపాడింది తన నోరే. మా చెల్లి మెతకది, నిన్ను ఏమీ అనలేదు. అందుకే సత్యవేణినే పంపాను. ఈ ఉత్తరం నీ చేతికిచ్చింది తనే కదా? వీధిలో ఆటో ఆగి ఉంది. ఇవాళ గురువారం, డాక్టరమ్మ దగ్గర పదకొండింటికి నీ పేరున టోకెన్ తీసుకున్నాను. వీధంతా వినేలా తను మొదలుపెట్టకముందే లే బావా! రేపు కాదు, ఈరోజే. ఎక్కు ఆటో!